సీడీలో వచ్చిన జెండా

కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాం ఏదైనా వేసుకోవాలంటే ఇప్పటికీ నాకు అరగంట పడుతుంది. తెర మీదికి వచ్చే ప్రతి పెట్టెనూ చదువుతాను. సన్నని అక్షరాలు, బూడిద రంగు అక్షరాలు, ముందే టిక్కు పెట్టి ఉంచిన గళ్ళు, ఏదీ వదలను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదువుతాను. మా ఆవిడ పక్కన నిలబడి, "ఆస్తి రాసిస్తాండావా ఏంది, అంతసేపు చదువుతాండావు?" అని నవ్వుతుంది. జరిగిందంతా ఆమెకు తెలుసు. అయినా నవ్వుతుంది. నాకు మాత్రం ఆ 'నెక్స్ట్' అనే మీట కనబడితే కాలు ఒకచోట నిలవదు. లేచి గదిలో నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చి కూర్చుంటాను. కుదురు లేకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. కానీ ఈ రకం కుదురులేనితనం జమ్మలమడుగు దిక్కు ఒక ఊర్లో, ఒక మధ్యాహ్నం పట్టుకుంది. ఇంకా వదల్లేదు.

అప్పట్లో ప్రొద్దుటూరులో మా నాన్న గుడ్డల అంగడి పైన మిద్దె మీద నాకొక గది ఉండేది. కింద నాన్న చీరలు పరిచి చూపించేవాడు, పైన నేను కంప్యూటర్లు బిగించేవాణ్ణి. ఆయనకు నా పని మీద పెద్ద గౌరవం ఏమీ లేదు. "ఆ డబ్బాలు ఎవరు కొంటార్రా" అనేవాడు. కానీ ఒక మాట మాత్రం పదేపదే చెప్పేవాడు. "వచ్చినోన్ని ఏం కావాల్నో అడుగు. యా పార్టీనో అడగొద్దు. వాడే చెప్పినా చెవిన పెట్టుకోవద్దు." పెండ్లి బట్టలకు మా అంగటికి రెండు పార్టీల వాళ్ళూ వచ్చేవాళ్ళు. ఒకరు ఉండగా ఇంకొకరు దిగితే, నాన్న ముందు వచ్చినవాళ్ళను పట్టుచీరలు చూపిస్తానని లోపలి గదిలోకి తీసుకుపోయేవాడు. తర్వాత వచ్చినవాళ్ళకు ముందు గదిలో మంచినీళ్ళు ఇప్పించేవాడు. తుండుతో చెమట తుడుచుకుంటూనే నవ్వేవాడు. అది చూసి పెరిగినవాణ్ణి, నేనూ అట్లాగే రెండు దిక్కులకూ పోయి పని చేసి వచ్చేవాణ్ణి.

ఫ్యాక్షన్ తగ్గిపోయిందని అప్పటికే పేపర్లు రాస్తున్నాయి. తగ్గిన మాట నిజమే. కానీ బస్సు ఎక్కేముందు లోపల ఎవరు కూర్చున్నారో తొంగిచూడటం ఊర్లలో మనుషులు మానలేదు. టీ తాగే హోటలు, ఎరువులు కొనే అంగడి, జ్వరం వస్తే చూపించుకునే డాక్టరు, అన్నీ పార్టీ ప్రకారమే. నాయకుల ఇండ్లలోకి కంప్యూటర్లు వచ్చాక అవీ ఆ వరసలోనే చేరాయి. ఓటర్ల జాబితాలు, అర్జీలు, కలెక్టరుకు ఉత్తరాలు, అన్నీ ఇంట్లోనే టైపు కావాలి. బయట టైపు చేయిస్తే రహస్యం అవతలివాళ్ళకు పోతుందని భయం. అట్లా జమ్మలమడుగు చుట్టుపక్కల ఇద్దరు నాయకుల ఇండ్లలో నేను కంప్యూటర్లు పెట్టాను. ఇద్దరికీ పడదు. ఊర్ల పేర్లూ మనుషుల పేర్లూ రాయను. ఒకాయనను అందరూ అన్నట్టే పెద్దాయన అంటాను. రెండోది మైలవరం దిక్కు ఇల్లు. ఈ ఇంటికి పోయిన సంగతి ఆ ఇంట్లో అనేవాణ్ణి కాదు, ఆ ఇంటి సంగతి ఈ ఇంట్లో అనేవాణ్ణి కాదు.

నా పనంతా ఒక సీడీ మీద నడిచేది. తెలుగు టైపు చేసే ప్రోగ్రాం, వీడియోలు చూసేది, ఫోటోలు కత్తిరించేది, నెట్‌లోంచి ఫైళ్ళు దించుకునేది, ఉచితంగా దొరికినవన్నీ ఏ సైటులో కనబడితే ఆ సైటులోంచి దించి ఆ ఒక్క సీడీలో పెట్టుకున్నాను. ఎవరి కంప్యూటర్ బిగించినా దాన్ని తోసి, నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, నెక్స్ట్, ఫినిష్. తెర వైపు చూసేవాణ్ణి కూడా కాదు. ఎంటర్ మీట మీద వేలు పెట్టి, మెడ తిప్పి పక్కవాళ్ళతో రాజకీయాలు మాట్లాడుతూ కొట్టేవాణ్ణి. చూసినవాళ్ళు "అబ్బా, ఏం స్పీడప్పా!" అనేవాళ్ళు. ఆ పొగడ్త నాకు నెత్తికెక్కింది. ఒక్కో 'నెక్స్ట్'కూ నేను ఏమేం ఒప్పుకుంటున్నానో ఒక్కనాడూ చదివిన పాపాన పోలేదు.

మైలవరం దిక్కు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే ఆయన యాభై దగ్గరపడిన మనిషి. జమ్మలమడుగులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, నేర్చుకునేవాళ్ళు లేక అది మూతపడితే ఇక్కడ పనికి కుదిరాడు. నేను మామా అనేవాణ్ణి. టైపు మిషన్ అలవాటు పోక మీటల్ని దబాదబా బాదేవాడు. "మామా, మెల్లిగా తాకితే చాలు, అది పగిలిపోతాది" అంటే, "ముప్పై ఏండ్లు ఇనుము కొట్టిన వేళ్ళప్పా, ఇప్పుడు మెత్తదనం యాడ నేర్చుకుంటాయి" అనేవాడు. కీబోర్డు మీద తెలుగు అక్షరాలు ఉండవు కదా. చిన్న చిన్న కాగితం ముక్కల మీద ఎర్ర సిరాతో అ, ఆ, క, చ రాసి, ఒక్కో మీట మీదా టేపుతో అతికించుకున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలు.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ప్రింటర్ బాగుచేయడానికి ఒకరోజు ఆ ఇంటికి పోయాను. పని అయిపోయి సంచి సర్దుకుంటుంటే మామ నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"అప్పా, నెట్టు తెరిస్తే చాలు, అవతలోళ్ళ పార్టీ జెండా ఎగురుకుంటా వస్తాంది. సభ్యత్వం తీసుకోండి అంటాంది. ఒకటి మూస్తే ఇంకొకటి తెరుచుకుంటాంది. ఎవరూ చూడకముందే రోంత తీసేసి పో."

నాకు బస్సు టైం అవుతోంది. ప్రొద్దుటూరులో ఫ్లెక్సీల డిజైన్లు నెత్తిమీద ఉన్నాయి. విసుగొచ్చింది. "అది ప్రకటన మామా, ఎన్నికలు కదా. జెండా ఏమన్నా కరుస్తాదా? వచ్చే వారం వస్తా కదా, అప్పుడు తీస్తాలే" అన్నాను.

ఆయన "సరేలేప్పా. వచ్చే వారం మర్చిపోవాకు" అన్నాడు. సంచి భుజానికి తగిలించుకుని గబగబా బయటపడ్డాను.

సరిగ్గా నాలుగు రోజులకు పెద్దాయన ఇంటి నుంచి ఫోను వచ్చింది. చేసింది అక్కడి ఆపరేటర్. పులివెందుల మనిషి, ముప్పై లోపు వయసు. వాళ్ళ తాత కాలం నుంచీ క్రైస్తవ మిషన్ బడుల్లో టీచర్లు. తండ్రి కూడా టీచరే. ఆదివారం పొద్దున జమ్మలమడుగులో చర్చికి పోయి వచ్చి మళ్ళీ పనిలో కూర్చునేవాడు. ఎవరి జోలికీ పోడు. పెద్దాయన అతన్ని పెట్టుకున్నది కూడా అందుకే, ఆ చుట్టుపక్కల ఊర్లలో అతనికి చుట్టాలు లేరు, పగలు లేవు. కానీ పులివెందుల అంటే చాలు, మనిషి నోరు తెరవకముందే ఒక పార్టీ అంటగట్టేవాళ్ళు ఆ ఇంట్లో చాలామంది ఉన్నారు.

"అన్నా, బిన్నే రా, ఇప్పుడే బయల్దేరు. నా మీదికి వస్తాంది" అన్నాడు.

"ఏంది, ఏమైంది?"

"జెండా అన్నా. అవతలోళ్ళ జెండా. పెద్దాయనకు ఓటర్ల జాబితా చూపిస్తాండా, చుట్టూ పదైదు మంది ఉండారు, తెరంతా వచ్చింది. మూసినా, మళ్ళా వచ్చింది. ఇంగోసారి మూసినా, రెండు వచ్చినాయి. వాళ్ళ సభ్యత్వం తీసుకోమంటాంది అన్నా."

"పెద్దాయన ఏమన్నాడు?"

"ఏమీ అనలే. లేసి లోపలికి పోయినాడు."

పెద్దాయన అరిస్తే ఎవరికీ భయం లేదు. అరిచి, తిట్టి, గంట తర్వాత టీ తెప్పించి ఇచ్చే మనిషి. ఏమీ అనకుండా లేచిపోయాడంటేనే భయపడాలి.

"కోవర్టు అంటాండారన్నా. అవతలోళ్ళు పంపిస్తే వచ్చి చేరినానంట. జాబితాలన్నీ వాళ్ళకు పంపిస్తాండానంట. గేటు దాటొద్దన్నారు. నిన్ను పిలిచేదానికే ఫోనిచ్చినారు. మా నాయనకు మాత్రం చెప్పాకు. పరిగెత్తుకోని వస్తాడు. వస్తే అనుమానం ఇంకా పెద్దదైతాది." అంతలో ఫోను ఎవరో తీసుకున్నారు.

సంచి తీసుకుని బస్టాండుకు పరుగెత్తాను. జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గోడల నిండా ఒక పార్టీ రంగు, ఆ పక్కనే ఇంకో పార్టీ రంగు, ఒకరి బొమ్మ మీద ఇంకొకరి బొమ్మ అతికించి ఉంది. ఊరు దాటామో లేదో, నాకు తట్టింది. ఆ ఇంట్లో ఈ పార్టీ జెండా. ఈ ఇంట్లో ఆ పార్టీ జెండా. రెండిండ్లకూ పోయి వచ్చే మనిషి ఒక్కడే. రెండు కంప్యూటర్లలోనూ తోసిన సీడీ ఒక్కటే. అది నా ఒళ్ళోని సంచిలో ఉంది. ఓరి దేవుడా అనుకుని లేచి నిలబడ్డాను.

"కూచోప్పా, సీటు ఖాళీగానే ఉండాది కదా" అన్నాడు కండక్టరు.

కూర్చోలేకపోయాను. జమ్మలమడుగు వచ్చేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాను. దిగేసరికి పెద్దాయన జీపు స్టాండు బయట నాకోసం కాచుకుని ఉంది.

గేటు దగ్గర సంచి సోదా చేశారు. మామూలుగా చేతితో తడిమి పంపించేవాళ్ళు. ఆరోజు ఒక్కో వస్తువూ తీసి అరుగు మీద పేర్చారు. స్క్రూడ్రైవర్లు నాలుగూ తీసి పక్కన పెట్టి, "ఇవి ఈడ్నే ఉండనీ. పోయేటప్పుడు తీసుకో" అన్నాడు ఒకాయన. సీడీని తిప్పి చూసి మళ్ళీ సంచిలో వేశాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పట్టుకోవలసింది దాన్నయ్యా అనాలనిపించింది. సంచి తీసుకుని లోపలికి నడిచాను.

కంప్యూటర్ గదిలో పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వెనుక అయిదారుగురు. తలుపు దగ్గర గోడకు ఆనుకుని ఆ అబ్బాయి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కళ్ళతోనే పలకరించాడు.

నెట్ తెరిచాను. జెండా వచ్చింది. వెనుక ఎవరో పళ్ళు నూరారు. తెర పైభాగాన మేము పెట్టని పట్టీలు మూడు వరసలు ఉన్నాయి, వెతుక్కోండి, ఆడుకోండి, గెలుచుకోండి అంటూ. మొదట తెరుచుకోవలసిన పేజీ మారిపోయి ఏదో ముక్కూమొహం తెలియని పేజీ వస్తోంది. ప్రోగ్రాముల జాబితాలో చూసి నేను పేరు ఎరగని రెండింటిని తీసేశాను. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ జెండా. దానికి తోడుగా లోపల ఇంకోటి దాక్కుని ఉంది, ఒకదాన్ని తీస్తే రెండోది మళ్ళీ పెడుతోంది.

"ఇది ఎవరి మనిషి?" అన్నాడు పెద్దాయన.

"ఎవరి మనిషీ కాదన్నా. యాడ్‌వేర్ అంటారు. ప్రకటనలు చూపించి సంపాదించుకునే రకం. వ్యాపారం అంతే."

"ఎవరి మనిషీ కాని వ్యాపారం ఈ జిల్లాలో యాడన్నా ఉండాదా?" అన్నాడు. వెనుకవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

దాక్కున్నదాన్ని వెతికి పట్టుకున్నాను. తీసేసేముందు అది ఉన్న ఫోల్డర్ ఎప్పుడు పుట్టిందో చూశాను. నేను ఆ కంప్యూటర్ బిగించిన రోజు. ఆ అబ్బాయి ఆ ఇంటికి పనికి వచ్చింది దాని తర్వాత రెండు వారాలకు. తేదీ అక్కడ తెర మీద అంత స్పష్టంగా ఉంది. ఆ అబ్బాయి తలుపు దగ్గర దూరంగా ఉన్నాడు. ఆ గదిలో దాన్ని చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. వేలు తనంతట తానే మీట నొక్కింది. ఫోల్డర్ పోయింది. ఆఫ్ చేసి ఆన్ చేశాను. జెండా రాలేదు.

"పోయిందన్నా" అన్నాను.

"పోయింది సరే. పెట్టింది ఎవరు?"

"నెట్‌లోంచి వచ్చింటాది."

"ఆ నెట్టు ముందర కూచునేది ఎవరు?"

అందరి కళ్ళూ తలుపు వైపు తిరిగాయి. ఆ అబ్బాయి నన్నే చూస్తున్నాడు. నేను సంచి సర్దుకోవడం మొదలుపెట్టాను. ఇంత పిరికివాణ్ణని అంతవరకూ నాకు తెలియదు. నేనే పెట్టాను అంటే, ఎవరు పెట్టమన్నారు అంటారు. ఎవరూ పెట్టమనలేదు, అవతలి ఇంట్లోనూ ఇట్లాగే వస్తోంది అంటే, అవతలి ఇంటికి నువ్వెందుకు పోయావు అంటారు. ఎటు తిప్పినా మెడ నాదే. గమ్మున బస్సెక్కి ఇంటికి పోదామనే అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నా సిగ్గుగా ఉంది.

"అన్నం తిని పో" అన్నాడు పెద్దాయన లేస్తూ.

ఆ ఇంట్లో మధ్యాహ్నం వసారాలో అందరూ ఒకే పంక్తిలో తింటారు. డ్రైవరు, ఆపరేటరు, పని మీద వచ్చినవాళ్ళు, పెద్దాయనతో సహా అందరికీ ఒకే సంగటి, ఒకే కూర. ఎవరి చోటు ఎవరిదో రోజూ వచ్చేవాళ్ళకు తెలుసు. నేను వచ్చినప్పుడల్లా ఆ అబ్బాయి పక్కనే కూర్చునేవాణ్ణి. ఆరోజు నాకు విస్తరి వేశారు, నా పక్కన వేయకుండా దాటిపోయి ఆ పక్కాయనకు వేశారు. వడ్డించే ఆమె తల ఎత్తలేదు. ఆ అబ్బాయి వచ్చి, తన చోట విస్తరి లేకపోవడం చూసి, వెనక్కి తిరిగి స్తంభం దగ్గర నిలబడ్డాడు. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ తల తిప్పి చూడలేదు.

ఆ దిక్కున ఇంట్లో పెట్టుకున్న మనిషికి విస్తరి వేయడం మానేశారంటే, ఆ మనిషితో ఇంక ఆ ఇంటికి సంబంధం లేదని. కొట్టడానికైనా సరే, తిట్టడానికైనా సరే, ముందు విస్తరి తీసేస్తారు. తమ ఇంట్లో అన్నం తిన్నవాడి మీద అదేరోజు చెయ్యి వేయరు. నాకు అది తెలుసు. స్తంభం దగ్గర నిలబడినవాడికి అంతకన్నా బాగా తెలుసు. పులివెందుల్లో వాళ్ళ నాయన ఆ గంటలో బళ్ళో పిల్లలకు పాఠం చెబుతూ ఉంటాడు.

సంగటి తుంచి పులుసులో అద్దుకున్నాను. చెయ్యి నోటిదాకా రాలేదు.

"అన్నా, దాన్ని పెట్టింది నేనే" అన్నాను.

పంక్తి మొత్తం ఆగిపోయింది. పెద్దాయన నమలడం ఆపలేదు. మింగి, నీళ్ళు తాగి, "ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు.

"ఎవరూ పెట్టమనలే. నా సీడీలో ఉండాది. ఉచితంగా వచ్చే ప్రోగ్రాముల్లో దాక్కోని ఉండాది. వేసేటప్పుడు అడుగుతాది అన్నా, దీన్ని గూడా పెట్టేదా అని. వద్దంటే పెట్టదు. నేను చదవకుండా సరే సరే అని కొట్టినా. ఈ అబ్బాయి ఈడికి రాకముందే అది లోపల ఉండాది. తేదీ చూసినా. చూసి గూడా చెప్పలే. తప్పు నాది."

"నాకు చదువు రాదు" అన్నాడు పెద్దాయన. "కాయితం మీద సంతకం పెట్టాలంటే ముగ్గురితో మూడుసార్లు చదివించుకుంటా. ముగ్గురూ ఒకటే చెప్తేనే పెడతా. నువ్వు ఇంత చదువుకున్నోనివి, నా ఇంట్లో కూచోని, చదవకుండానే నా తరఫున సరే అంటివా?"

పెద్దాయన ఇంకో ముద్ద తుంచుకున్నాడు.

"ఇంకా ఎన్నిండ్లల్లో పెట్టినావు?"

"నేను బిగించిన అన్నిట్లో ఉంటాదన్నా. మైలవరం దిక్కు... ఆ ఇంట్లో గూడా."

ఎవరో విస్తరి ముందు నుంచి సగం లేచారు. పెద్దాయన ఎడమ చెయ్యి ఎత్తితే మళ్ళీ కూర్చున్నారు.

"ఆడ యా జెండా వస్తాంది?"

"మీదే."

"మాదా?"

"మనం ఏం చూస్తాంటే దానికి సంబంధించిందే తెచ్చి చూపిస్తాదన్నా. మీరు దినామూ అవతలోళ్ళ ఉపన్యాసాలు, అవతలోళ్ళ వార్తలు పెట్టించుకోని చూస్తారు కదా. వీళ్ళకు ఆ పార్టీ మీద శానా ఇష్టం అనుకోని ఆ జెండా తెస్తాంది. ఆడ వాళ్ళు మిమ్మల్ని చూస్తాండారు. అందుకని మీ జెండా."

"దినామూ చూస్తాండాడా?"

"దినామూ అన్నా."

పెద్దాయన మీసాల కింద ఏదో కదిలింది. నవ్వో ఏమో, తెలియలేదు. స్తంభం వైపు తిరగకుండానే, "ఆ అబ్బికి విస్తరేయండి" అన్నాడు. వడ్డించే ఆమె పరుగున వచ్చి నా పక్కన విస్తరి వేసి సంగటి ముద్ద పెట్టింది. అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. నా వైపు చూడకుండానే ముద్ద తుంచుకున్నాడు.

"నువ్వు తిని పో" అన్నాడు పెద్దాయన నాతో. "ఇంగ ఈ ఇంటికి రావాకు. రెండిండ్లల్లో అన్నం తినేటోన్ని నేను నమ్మను. నిజం చెప్పినావు కాబట్టి నీ కాళ్ళ మీద నువ్వు నడిచిపోతాండావు."

తిన్నానో లేదో గుర్తు లేదు. గేటు దగ్గర స్క్రూడ్రైవర్లు తీసుకుంటుంటే వెనుక నుంచి ఆ అబ్బాయి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోలేదు. థాంక్స్ చెబుతాడనుకుని, "వద్దులేప్పా, తప్పు నాదే, పోయి తిను" అన్నాను.

"అది కాదన్నా. మైలవరం దిక్కు ఇంట్లో... ఆడ కంప్యూటర్ ముందర కూచునేది ఎవరు?"

స్క్రూడ్రైవర్లు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. అంత సేపు నా మెడ గురించీ అతని మెడ గురించీ ఆలోచించాను కానీ, మామ ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

ఆ గేటు నుంచి నేరుగా ఈ గేటుకు పోయినవాడు ఆ దిక్కున ఎవడూ లేడు. నేను పోయాను. దొరికిన ఆటో ఎక్కి, తోలేవాణ్ణి తొందర పెట్టి, వాడితో తిట్లు తిని పోయాను. ఆ ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ తగ్గలేదు. కంప్యూటర్ గది తలుపు తీసే ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. నాయకుని తమ్ముడు మంచం మీద పడుకుని పేపరు చదువుతున్నాడు.

"మామ యాడికి పోయినాడు?" అన్నాను.

"ఆయప్పనా? మొన్ననే పంపించేసినాం. అవతలోళ్ళ జెండా పెట్టుకోని కూచోనుండాడు, ఇంట్లోనే, మా కండ్ల ముందరే."

అంతా చెప్పాను. సీడీ, ఉచిత ప్రోగ్రాములు, నెక్స్ట్, నెక్స్ట్. చెబుతుంటే గొంతు పెద్దదైంది. ఆయన పేపరు మడిచి, నన్ను వింతగా చూశాడు.

"ఆయప్ప గూడా అదే అన్నాడు. నాకేం తెలీదు సామీ, ఆ ప్రొద్దుటూరు అప్ప వచ్చే వారం వస్తానన్నాడు, వచ్చి తీసేస్తాడు, ఆయన్నే అడగండి, అంతవరకు ఆగండి అన్నాడు. వారం ఆగితే పారిపోవచ్చు అనుకున్నాడేమో అనుకున్నాం."

ఖాళీ కుర్చీలో కూర్చుని జెండాను తీసేశాను. నన్ను ఎవరూ తీయమనలేదు, ఎవరూ ఆపలేదు. మీటల మీద ఎర్ర సిరా అక్షరాలు అట్లాగే ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టాలంటే మనసొప్పక, మౌసుతోనే పని అంతా చేశాను.

జమ్మలమడుగులో మామ ఇంటికి పోతే తాళం. ఎదురింటి ముసలామె బియ్యం చెరుగుతూ ఉంది. "నిన్న పొద్దున్నే పోయినారప్పా, అందరూ. యాడికో చెప్పలే. కుడి చేతికి ఇంత కట్టు. ఏమైందంటే మెట్ల మీంచి పడినా అన్నాడు. వాళ్ళింటికి మెట్లు యాడుండాయి?" అంది.

ఆ సీడీని ఆరోజే పెన్నలో పారేశాను. ఆ తర్వాత నెలంతా నేను బిగించిన ప్రతి కంప్యూటర్ దగ్గరికీ తిరిగాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఎర్రగుంట్ల దిక్కు చిలమకూరు దాకా పోయాను. పిలవకపోయినా పోయి, తీసి వచ్చాను. ఎవరి ప్రోగ్రాం వాళ్ళ సొంత సైటులోనే తీసుకోండి, దారిన పోయే సైట్లలో తీసుకోవద్దు, ముందే పెట్టిన టిక్కులు తీసేయండి, చదవకుండా సరే అనవద్దు అని కనబడిన ప్రతివాడికీ చెప్పాను. కొందరు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. పులివెందుల్లో ఆ అబ్బాయి వాళ్ళ నాయన నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. మీరు దేవుడు పంపినట్టు వచ్చారు అన్నాడు. ఆ మాట నేను నిలబడి వినలేకపోయాను. టీ కూడా తాగకుండా వచ్చేశాను.

మామ కోసం ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. బెంగుళూరులో ఉన్నాడన్నారు, వల్లూరు దగ్గర బావమరిది చేలో ఉన్నాడన్నారు. పోయి చూస్తే రెండు చోట్లా లేడు.

ఆ ఇంట్లో జెండా తీయడానికి నాకు పట్టింది పదిహేను నిమిషాలు. మామ నన్ను తీసిపొమ్మని అడిగిన రోజు, ఆలస్యంగా వచ్చిన బస్సు కోసం నేను ఆ ఊరి స్టేజీలో అరగంట నిలబడి ఉన్నాను.